పెద్దల మాట, వినువారి చెవి

“పాడిందే పాడరా పాచిపళ్ళ దాసరీ” అను సామెత మన ఇండ్లలో ఎక్కువగా వినబడునది ఎవరిని గూర్చి? తాతగారిని గూర్చి, నాయనమ్మగారిని గూర్చి. వారు వినునట్లు అనము, వంటయింటిలో అనుకొందుము. వయస్సు మళ్ళినకొలది మనుష్యుని మాటతీరు మారునన్నది అందరు ఎరిగినదే. చెప్పినది మరల చెప్పుదురు. ఒకటి అడిగిన వేరొకటి చెప్పుదురు. నలుగురిలో అడుగరానిది అడుగుదురు. ఎగతాళిని నిజమనుకొని నొచ్చుకొందురు. వీనినన్నిటిని ఒక కట్టగా కట్టి, “ముసలితనము” అని పేరుపెట్టి, మనము ఊరకుందుము. ఆ కట్టను విప్పి చూచినచో ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణము కనబడును. కొన్నిటికి కారణము పెద్దవారిలోగాక వినుచున్న మనలోనే ఉన్నది. నేటి ప్రసంగము ఆ విషయమును గూర్చి.

భాష తెలియుట ఒకటి, భాషను నలుగురిలో వాడ తెలియుట ఇంకొకటి. మొదటిదానికి వ్యాకరణములు, నిఘంటువులు ఉన్నవి. రెండవదానికి ఏ గ్రంథమును లేదు. డబ్బాలో బియ్యము అయిపోయినచో ఇల్లాలు “లేవు” అనదు, “నిండుకున్నాయి” అనును. దీపము ఆరినదనదు, “కొండెక్కింది” అనును. ఇల్లు కదలి వెళ్ళువాడు “పోతాను” అనడు, “వెళ్ళొస్తాను” అనును. ఎవరిని “మీరు” అనవలెనో, ఎవరిని “నువ్వు” అనిన ఆదరమో, ఎవరిని అనిన అవమానమో. భోజనమునకు పిలువగా చుట్టము “వద్దండీ” అనినచో అది నిజముగా వద్దనుటయో, ఇంకొకసారి అడుగుమనుటయో, ఇవియన్నియు ఎదుటివారి ముఖము చూచి, కంఠము విని, సందర్భము గ్రహించి క్షణములో తేల్చుకొనవలసినవి. ఈ నేర్పు బాల్యములో మొదలై, యేండ్ల తరబడి పండును. ఈ విద్యలో పెద్దవారే మనకు గురువులు. మా తరములోనే అనేకులు “బియ్యం అయిపోయాయి” అనుచున్నారు. మా పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

పదసంపద వయస్సుతో అంత త్వరగా తరుగదు. మనస్తత్వశాస్త్రజ్ఞుడు రేమండ్ కాటెల్ 1963లో ప్రకటించిన వ్యాసములో మానవుని తెలివిని రెండు విధములుగా విభజించి చూపెను. అనుభవముచే పేరుకొన్న జ్ఞానము ఒకటి. క్రొత్త చిక్కును అప్పటికప్పుడు విప్పుకొను చురుకుదనము మరియొకటి. ఈ చురుకుదనము యౌవనము దాటినది మొదలు మెల్లమెల్లగా తగ్గును. పేరుకొన్న జ్ఞానము వార్ధక్యములోను చాలకాలము నిలుచును. కొందరిలో పెరుగును కూడ. మాటల అర్థములు, సామెతలు, మర్యాదలు ఆ పేరుకొన్న నిధిలోనివి. గలగల సాగుచున్న సంభాషణలో వేళకు మాట అందించుట చురుకుదనపు పని. కాబట్టి పెద్దవారిలో ముందుగా తగ్గునది మర్యాద కాదు, మాట కాదు; వేగము. ఆ వేగమునకు మొదట అడ్డుపడునది చెవి.

వయస్సుతో వచ్చు చెవుడు విచిత్రమైనది. ధ్వనులన్నియు సమముగా తగ్గవు. సన్నని హెచ్చుస్థాయి ధ్వనులు ముందుగా పోవును. గంభీరమైన క్రిందిస్థాయి ధ్వనులు నిలుచును. మన మాటలో అచ్చులు బలమైనవి. క, చ, ట, త, ప లనెడి పరుషములు, శ, ష, స లు బలహీనములు. వానిని గుర్తించుటకు ఆ సన్నని ధ్వనులే ఆధారము. అచ్చులు మాట యొక్క శబ్దమును మోయును, హల్లులు అర్థమును మోయును అనుకొనవచ్చును. అందువలన మీరు మాటాడుట పెద్దవారికి వినబడును. ఏమి మాటాడినారో తెలియదు. కోడలు “కప్పు ఇటివ్వండి” అన్నచో మామగారు పప్పుగిన్నె అందించును. ఇంటిల్లిపాది నవ్వుదురు. ఆయన బుద్ధి మందగించినదని ఒకరిద్దరు లోలోపల అనుకొందురు. ఆయన బుద్ధి చేసిన పని యేమి? సగము వినబడిన మాటను పట్టుకొని, భోజనవేళకు తగినమాట ఏదై ఉండునో ఊహించినది. మెచ్చుకొనదగిన పనియే.

బిగ్గరగా అరచుట దీనికి మందు కాదు. అరచినప్పుడు అచ్చులు పెరిగినంతగా హల్లులు పెరుగవు. పైగా అరచువాని ముఖము కోపముగా కనబడును. ఎదురుగా వచ్చి, తన ముఖముమీద వెలుతురు పడునట్లు కూర్చుండి, రేడియోయైనను టెలివిజనైనను కట్టివేసి, మామూలు గొంతుతో స్పష్టముగా చెప్పుట మేలు. రేడియోలో పనిచేయుచు రేడియో కట్టివేయుడని చెప్పుచున్నందుకు మా అధికారులు క్షమింతురుగాక! వంటయింటిలో మిక్సీ, హాలులో టెలివిజను, నడుమ పిల్లల అల్లరి. ఇంత గోలలో తనకు కావలసిన గొంతును వేరుచేసి పట్టుకొనుట పడుచువాని చెవికి సాధ్యము. డెబ్బది యేండ్ల చెవికి, పరీక్షలో బాగుగనే ఉన్నదని తేలినను, ఆ పని కష్టము.

సంభాషణలో ఒకరి వంతు ముగిసి మరియొకరి వంతు మొదలగుటకు ఎంత వ్యవధి ఉండునో ఊహింపగలరా? 2009లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో పది భాషల సంభాషణలను తీసికొని కొలిచిరి. ప్రశ్న ముగియుటకు, జవాబు మొదలగుటకు నడుమ విరామము సగటున సెకనులో సుమారు అయిదవవంతు. అనగా మొదటివారు ముగింపకముందే రెండవవారు తమ మాటను సిద్ధము చేసికొని ఉండవలెను. వినబడని హల్లులను కూర్చుకొనుచున్న పెద్దమనిషికి ఆ వ్యవధి చాలదు. ఇంటిలో మామిడిపండ్ల మాట నడచుచుండగా ఆయన విని, పోల్చుకొని, చెప్పదలచినది సిద్ధపరచుకొనునప్పటికి మాట పెండ్లిసంబంధములకు పోయినది. అప్పుడు ఆయన “బంగినపల్లి అయితేనే మంచిది” అనును. ఒకటి అడిగిన వేరొకటి చెప్పుట అని మనము అనుకొనువానిలో ఇట్టివి ఎన్నియో. ఆయన చెప్పినది సరియైన జవాబే. అది చేరునప్పటికి ప్రశ్న వెళ్ళిపోయినది.

ఇక పేర్లు. నాలుక చివర నిలిచి రాని మాటను గూర్చి రోజర్ బ్రౌన్, డేవిడ్ మెక్‌నీల్ అనువారు 1966లో ప్రకటించిన వ్యాసము ప్రసిద్ధము. తరువాత 1991లో డెబొరా బర్క్ మొదలగువారు, ఈ ఇబ్బంది వయస్సుతో పెరుగుననియు, అందులోను మనుష్యుల పేర్ల విషయమున ఎక్కువ అనియు చూపిరి. కారణము పేరులోనే ఉన్నది. ‘చెంబు’ అన్న మాటకు దాని ఆకారము, నీరు, రాగి, ఇత్తడి, పెరటి నుయ్యి ఇన్ని త్రాళ్ళు కట్టియున్నవి. ఏ త్రాటిని లాగినను మాట పైకి వచ్చును. గోపాలరావుగారికి ఆ పేరు ఆవులను కాచినందువలన రాలేదు. ఆ మనిషికి, ఆ పేరునకు నడుమ ఉన్నది ఒకే త్రాడు. అది సడలినచో పేరు నూతిలో పడినట్లే. అప్పుడు పెద్దవారు, “అదేరా, తెనాలిలో మన పక్కింట్లో ఉండేవాళ్ళు... వాళ్ళ రెండో అల్లుడు, రైల్వేలో చేసేవాడు...” అని చుట్టు తిరిగి వత్తురు. వినువారికి అది డొంకతిరుగుడుగా తోచును. నిజమునకు అది మనకు ఆనవాళ్ళు చూపి, “నీకు తెలిసిన నీవు అందింపుము” అని సహాయము కోరుట. తెలిసినచో అందింపవచ్చును; తెలియనిచో ఆగవచ్చును. “ఎవరైతే ఏంలెండి” అని త్రుంచివేయుట మాత్రము నాకు మొరటుగా తోచును.

“ఈ సంగతి వందసార్లు చెప్పారు” అను విసురునకు ఇప్పుడు వచ్చెదము. దీనిని గూర్చి టొరంటోలో నైజెల్ గోపీ, ఫెర్గస్ క్రెయిక్, లిన్ హాషర్ అనువారు చేసి 2010లో ప్రకటించిన పరిశోధన ముచ్చటైనది. పడుచువారిచేతను, వృద్ధులచేతను వారు ఒక పని చేయించిరి. ప్రసిద్ధ వ్యక్తుల ఛాయాచిత్రములను చూపుచు, ఒక్కొక్కరికి ఒక్కొక్క వింతవిషయమును చెప్పుమనిరి. తరువాత పరీక్షింపగా, వృద్ధులకు ఆ విషయములు జ్ఞాపకమున్నవి, ఆ ముఖములును జ్ఞాపకమున్నవి. ఏ విషయము ఏ ముఖమునకు చెప్పితిమి అన్న ముడి మాత్రము వీడిపోయినది. అంతేకాదు, నిజముగా చెప్పియున్నను, తాము చెప్పలేదని వారు గట్టి నమ్మకముతో అనిరి. మరియొక పరీక్షలో ఈ వరుసను తలక్రిందులు చేసిరి. ఆ ప్రసిద్ధ వ్యక్తులే తమకు విషయములు చెప్పుచున్నట్లు అమర్చినప్పుడు, పడుచువారికిని వృద్ధులకును భేదము కనబడలేదు. తనకు ఎవరు చెప్పిరో గుర్తున్నది. తాను ఎవరికి చెప్పెనో గుర్తులేదు.

దీనినిబట్టి, చెప్పినదే చెప్పుచున్న తాతగారు మిమ్ములను విసిగింపదలచి చెప్పుటలేదు. మతిపోయి చెప్పుటయు కాదు. ఆయన లెక్కలో మీరు ఆ కథ ఇంకను విననివారే. “చెప్పారుగా!” అని ముఖముమీద అన్నచో ఆయనకు తన జ్ఞాపకముమీదనే నమ్మకము సడలును. అది పలుమార్లు జరిగినచో కథ చెప్పుటయే మానును. తెలిసిన కథలో తెలియని గది యేదియో ఒకటి ఉండకపోదు. “అప్పుడు మీ మేనమామగారు ఏమన్నారు?” అని ఆ తలుపు తట్టినచో, నూరవసారి చెప్పుచున్న కథ మొదటిసారి చెప్పిన కథయగును.

విషయము విడిచి ప్రక్కదారి పట్టుట పెద్దవారిమీద మోపబడిన మరియొక నేరము. అక్కరలేని తలపును అడ్డుకొను శక్తి వయస్సుతో తగ్గునని లిన్ హాషర్, రోజ్ జాక్స్ అనువారు 1988లో ప్రతిపాదించిరి. పెక్కుమంది దానితో ఈ ప్రక్కదారిని వివరించిరి. 1998లో లోరీ జేమ్స్, డెబొరా బర్క్ మొదలగువారు వేరొక కోణమున చూచిరి. బొమ్మ చూపి అందేమున్నదో వర్ణింపుమన్నప్పుడు, విషయము విడుచుటలో వృద్ధులకు పడుచువారికి భేదము లేకపోయెను. తమ స్వంత జీవితమును గూర్చి చెప్పుమన్నప్పుడే వృద్ధులు ఎక్కువగా ప్రక్కదారులు పట్టిరి. కేవలము మెదడు పట్టు తప్పుటయే కారణమైనచో బొమ్మ దగ్గరకూడ తప్పవలెను కదా! ఆ మాటలను విని విలువ కట్టినవారు, వృద్ధులవి సూటిగా లేవనుచునే, కథలుగా మేలైనవనిరి. నాకు తోచినంతవరకు రెండు వాదములలోను కొంత నిజమున్నది. అయితే పడుచువాడు జీవితమును చెప్పుమనగా సమాచారము చెప్పును. వృద్ధుడు దానికి అర్థము చెప్పబూనును. అర్థము సూటిదారిని రాదు. పెద్దల అనుభవములను ధ్వనిముద్రణ చేయుటలో కొంతకాలము గడపినవారెవరికైనను ఇది తెలియును. “ఏ సంవత్సరంలో?” అని అడిగినచో పెద్దలు తడబడుదురు. “ఆ రోజు ఏం జరిగింది?” అని అడిగినచో మాకు కేటాయించిన వేళ చాలదు.

అడుగరానిది అడుగుట సంగతి కొంచెము చిక్కైనది. 2005లో విలియం వాన్ హిప్పెల్, సాలీ డన్‌లప్ అనువారు, ఇతరుల స్వంతవిషయములను నలుగురియెదుట అడుగుట వృద్ధులలో ఎక్కువ అని చూపి, మనస్సులోని కళ్ళెము సడలుటయే కారణమనిరి. ఈ నిర్ణయమును ఉన్నదున్నట్లు మన ఊళ్ళకు తెచ్చుకొనుటకు నేను వెనుదీయుదును. “జీతమెంత నాయనా? పెళ్ళెప్పుడు?” అను ప్రశ్నకు నేటి కుర్రవాడు ముడుచుకొనిపోవును. అరువది యేండ్ల క్రిందట ఊరిలో క్రొత్తగా దిగిన కుర్రవానిని అట్లు అడుగకపోవుటయే అనాదరము. నీ కష్టసుఖములు నాకు పట్టినవని చెప్పుటకు అదియొక రీతి. ఆ నాయనమ్మగారు మర్యాద తప్పలేదు. మర్యాదయే ఆమెను విడిచి ముందుకు పోయినది.

నిజముగా తగ్గునది ఒకటి ఉన్నది. అది ఎత్తిపొడుపును పసికట్టుట. ఆలస్యముగా వచ్చినవానితో “అబ్బ, ఎంత తొందరగా వచ్చావు!” అన్నచో, మాట ఒకటి, కంఠము మరియొకటి, ముఖము వేరొకటి చెప్పును. మూటిని ఒక్కసారిగా పోల్చవలెను. 2015లో స్కాట్లండులోని అబర్డీను విశ్వవిద్యాలయమునకు చెందిన లూయీజ్ ఫిలిప్స్ మొదలగువారు, సూటిమాటను గ్రహించుటలో లేని వెనుకబాటు ఎత్తిపొడుపును గ్రహించుటలో వృద్ధులకు కలదని చూపిరి. మనవలు వేళాకోళమునకు అన్నమాట తాతగారికి గ్రుచ్చుకొనుట ఇందువలననే. టెలిఫోనులో ముఖము కనబడదు, గొంతులోని సన్నదనము సగము రాలిపోవును. దూరదేశమునుండి పిలుచు పిల్లలు వేళాకోళములను ఎదుటపడునప్పటికి దాచుకొనుట మంచిది.

ఇంతవరకు పెద్దవారి మాటను గూర్చి చెప్పితిని. వారితో మనము మాటాడు తీరు చూడుడు. “తాతగారూ, మందు వేసుకుందామా? మంచి తాతగారు కదూ!” వేసికొనునది ఆయన ఒక్కడే, ‘కుందామా’ అనుట ఎందులకు? 1981లో లిండా కాపొరేల్ అను పరిశోధకురాలు అమెరికాలోని ఒక వృద్ధాశ్రమములో పరిచారికల మాటలను గూర్చి పరిశోధించెను. పదములు తెలియకుండ వడగట్టి స్వరము మాత్రము వినిపించినచో, ఆ ముద్దుపలుకు పసిపిల్లలతో పలికినదో పండు ముదుసలులతో పలికినదో వినువారు పోల్చలేకపోయిరి. ఆ ముద్దుపలుకులో మేలు చేయునది ఏదియు లేదా అని 1999లో సుసాన్ కెంపర్, టమారా హార్డెన్ అనువారు విడదీసి చూచిరి. గొంతు పెంచి పలుకుట, మరీ మెల్లగా పలుకుట, వాక్యమును ముక్కలుగా త్రుంచుట ఉపకరింపలేదు. ఒక వాక్యము కడుపులో మరియొక వాక్యమును దూర్చకుండుట, చెప్పినదానిని మరికొంత విశదపరచుట ఉపకరించినవి. మన భాషలో క్రియ చివరకు వచ్చును గనుక ఈ సూచన మనకు మరింత పనికివచ్చును. “నిన్న పొద్దున వచ్చినాయన ఇచ్చిన సంచిలో ఉన్న మందు వేసుకున్నారా?” అన్నచో చివరి మాట వినువరకు అంతయు మోయవలెను. “నిన్న ఒకాయన సంచి ఇచ్చాడు. అందులో మందు ఉంది. అది వేసుకున్నారా?” అన్నచో బరువు లేదు, అవమానమును లేదు.

ముద్దుపలుకు హాని ఎట్లు చేయునో ఎల్లెన్ రయన్, హవార్డ్ గైల్స్ మొదలగువారు 1986లో ఒక చక్రముగా చూపిరి. తలనెరసినవానిని చూడగనే ఇతనికి తెలియదనుకొందుము. అందుచేత తక్కువ చెప్పుదుము, తక్కువ అడుగుదుము. మాటాడు అవకాశము తగ్గినవాడు మాటమీద పట్టు కోల్పోవును, తనపై నమ్మకము కోల్పోవును, మౌనము వహించును. ఆ మౌనమును చూచి, చూచితిరా, ఇతనికి తెలియదని ముందే అనుకొంటిమి, అని అందుము.

అట్లని మార్పులన్నియు సహజములని ఉపేక్షింపరాదు. 2023లో ప్రకటింపబడిన జాతీయస్థాయి పరిశోధన ప్రకారము మన దేశమున అరువది యేండ్లు, అంతకు పైబడినవారిలో డిమెన్షియా అనెడి వ్యాధి నూటికి 7.4 మందికి కలదు. తక్కిన తొంబదిముగ్గురి మాటతీరును వ్యాధిగా ఎంచుట ఎంత తప్పో, ఈ ఏడుగురిని “ముసలితనము” అని వదలివేయుట అంత తప్పు. మనిషి పేరు మరచుట వయస్సు. ఆ మనిషి తనకేమగునో మరచుట వ్యాధి కావచ్చును. నెల క్రిందట చెప్పిన కథను మరల చెప్పుట వయస్సు. పదినిమిషముల క్రిందట అడిగిన ప్రశ్ననే మరల మరల అడుగుట వైద్యునికి చెప్పవలసిన సంగతి. జ్ఞాపకము చెడకముందే మర్యాద చెడు జబ్బు కూడ ఒకటి కలదు. మెదడు ముందుభాగమును పట్టు ఆ వ్యాధి తరచుగా నలుబదియైదు, అరువదియైదు యేండ్ల నడుమనే వచ్చును. జీవితమంతయు మెత్తగా మాటాడిన మనిషి కొన్ని నెలలలో మొరటుగా, ఎదుటివారి బాధ పట్టనట్లు మాటాడుచున్నచో, అది స్వభావమని పోట్లాడక పరీక్ష చేయింపవలెను. గంటలలోనో, ఒకటిరెండు దినములలోనో మాట తారుమారైనచో అది పక్షవాతము కావచ్చును, జ్వరము లేక మందుల దోషము కావచ్చును. ఆ దినముననే, ఆ గంటలోనే ఆసుపత్రికి పోవలెను.

ఈ వ్యాధి విషయమున మన హైదరాబాదునుండి వెలువడిన ఒక పరిశోధన ప్రపంచము దృష్టిని ఆకర్షించినది. నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి మొదలగువారు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితములు ప్రకటించిరి. ఒకే భాష మాటాడువారికంటె, రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటాడువారిలో వ్యాధి సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా మొదలైనదని తేలినది. చదువురానివారిలోకూడ ఈ భేదము కనబడెను గనుక ఇది బడిచదువు ఫలము మాత్రమే కాదు. ఇంటిలో తెలుగు, బజారులో ఉర్దూ, కార్యాలయములో ఇంగ్లీషు మాటాడిన హైదరాబాదు పెద్దమనిషి ఎవరితో ఏది పలుకవలెనో దినమునకు ఎన్నిసార్లు తేల్చుకొనెనో లెక్కింపలేము. ఆ అభ్యాసమే మెదడును కాపాడినదా అన్న విషయమున శాస్త్రజ్ఞులలో ఏకాభిప్రాయము లేదు.

డాక్టరు గదిలో తరచుగా జరుగునది ఒకటి చెప్పి విరమింతును. రోగి డెబ్బదియైదేండ్ల తండ్రి. డాక్టరు కొడుకువైపు తిరిగి, “ఈయనకు ఆకలి వేస్తోందా? నిద్ర పడుతోందా?” అని అడుగును. కొడుకు జవాబు చెప్పును. తండ్రి గోడమీది క్యాలెండరు చూచుచుండును. కుర్చీని కొంచెము జరిపి డాక్టరుగారికి ఎదురుగా తండ్రిని కూర్చుండబెట్టుట కొడుకు చేతిలోని పని. “నాన్నగారూ, డాక్టరుగారు నిద్ర సంగతి అడుగుతున్నారు” అని చెప్పి ఆగినచో, ఒకటిరెండు క్షణములు ఆలస్యముగానైనను జవాబు వచ్చును. బహుశః తెనాలిలో పక్కింటివారి మీదుగా వచ్చును.